వంటింటి పాత కత్తి - పదును, తుప్పు, పారవేసే పద్ధతి

పదును పోయినంత మాత్రాన కత్తిలోని ప్రమాదం పోదు. తెగని కత్తిని బలంగా నొక్కవలసి వస్తుంది. నొక్కినప్పుడు అది జారి వేలిని కోస్తుంది. ఇక పనికిరాదని చెత్తసంచిలో పడవేస్తే, ఆ ప్రమాదం మన ఇంటి నుండి మరొకరి చేతికి మారుతుంది, అంతే.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌ను ఉదాహరణగా తీసుకుందాం. జెబెల్ అలీ రేవుకు చేరువలో 1997లో ఏర్పడిన ఈ ప్రాంతం సుమారు 2300 హెక్టార్ల విస్తీర్ణం గలది. కర్మాగారాలు, గిడ్డంగులు, కుటుంబాల నివాసాలు, కార్మికుల వసతి గృహాలు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇటువంటి చోట బహుళ అంతస్తుల భవనం నుండి కిందికి చేరిన చెత్తసంచిని ఎవరో ఒకరు చేతులతో ఎత్తవలసిందే. నిజామాబాదు, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుండి ఎందరో గల్ఫ్ దేశాలకు కూలికి వచ్చారు. ఆ సంచిని ఎత్తే చేయి మన తెలుగువాడిదే కావచ్చు.

తుప్పు, ధనుర్వాతం

తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందని చాలామంది నమ్మకం. తుప్పు అనేది నీరు కలిసిన ఐరన్ ఆక్సైడ్ మాత్రమే. దానిలో రోగం లేదు. మట్టిలోను, మురికిలోను ఉండే క్లాస్ట్రీడియం టెటాని అనే సూక్ష్మజీవి బీజాలు లోతైన గాయంలో, గాలి ఆడని చోట వృద్ధి చెందినప్పుడు ఆ వ్యాధి వస్తుంది. కనుక చెత్తలోని కత్తి తళతళ మెరుస్తున్నా దానివల్ల అయ్యే గాయం ప్రమాదకరమే. అటువంటి గాయాన్ని సబ్బునీటితో శుభ్రంగా కడిగి, టీకా విషయమై వైద్యుని సంప్రదించాలి.

కత్తికి ప్రాణం పోయవచ్చునా?

పారవేసే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కత్తిలో సాధారణంగా 13 శాతం వరకు, కొన్ని రకాలలో అంతకు మించి, క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కొద్ది నానోమీటర్ల మందం గల పొరగా ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఈ పొరను చీల్చగలదు; అందువల్లనే ఉప్పునీటిలో వదిలిన కత్తిపై చుక్కలు చుక్కలుగా తుప్పు కనిపిస్తుంది. మన కత్తిపీటల వంటి మామూలు ఉక్కుకు ఈ రక్షణ లేదు. మామిడికాయ పులుపు తగిలితే అది నల్లబడుతుంది.

తేలికపాటి తుప్పును వెనిగరులో ముంచిన గుడ్డతో తుడవవచ్చు. అందులోని అసిటిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. తరువాత వంటసోడా కలిపిన నీటితో కడిగి, పొడిగా తుడిచి, నూనె రాయాలి. సానరాయిపై నీళ్ళు చల్లుతూ, సుమారు 20 డిగ్రీల వాలులో పట్టి నూరితే పదును తిరిగి వస్తుంది. తిరిగే యంత్రం మీద సాన పట్టించేటప్పుడు అంచు వేడెక్కి నీలి రంగుకు తిరిగితే, ఆ ఉక్కు గట్టిదనం తగ్గిపోయిందని గుర్తు.

పారవేసే క్రమం

కత్తికి బీట వారినా, పిడి ఊడినా దానిని పారవేయడమే మంచిది. ముందుగా అంచును రాతిపై అడ్డంగా రుద్ది మొద్దుబార్చాలి. మందపాటి అట్టను రెండు మడతలు వేసి, మొన కూడా కప్పబడేటట్లు చుట్టి, టేపుతో గట్టిగా బిగించాలి. పైన "పదునైన కత్తి" అని ఆంగ్లంలోను, అరబ్బీలోను, వీలైతే హిందీ, తెలుగు భాషలలోను రాయాలి. చెత్త జారే గొట్టంలో వేయకుండా, భవన నిర్వాహకులను అడిగి లోహాలు సేకరించే చోటికి చేర్చాలి. సిరామిక్ కత్తులు జిర్కోనియం ఆక్సైడ్‌తో చేసినవి. వాటిని లోహంలోను, గాజులోను కలపరాదు.

ఉక్కుకు మరుజన్మ

ఒక టన్ను పాత ఉక్కును కరిగించి వాడితే సుమారు 1.4 టన్నుల ఇనుప ఖనిజం ఆదా అవుతుందని ప్రపంచ ఉక్కు సంఘం అంచనా. ఎన్నిసార్లు కరిగించినా ఉక్కు మళ్ళీ ఉక్కే అవుతుంది.

ఈ లోహానికి, గల్ఫ్ తీరానికి, తెలుగునాటికి పాత చుట్టరికం ఉంది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పారసీక వర్తకులు అంత దూరం వచ్చేవారని, 19వ శతాబ్ది మొదటి పాదంలో ఆ గ్రామాన్ని చూచిన హెన్రీ వాయ్సీ రాశాడు. నాడు ఆ సీమ ఉక్కు సముద్రం దాటింది. నేడు ఆ సీమ మనుషులు దాటి వచ్చారు. అట్ట, టేపు, నాలుగు అక్షరాలు, అయిదు నిమిషాల ఓపిక: వారి చేతులు తెగకుండా కాపాడటానికి ఇంతకు మించి అక్కరలేదు.