ఆంగ్లభాషలోని దీర్ఘపదములు – వాని విభజన

ఆంగ్లభాషయందు మిక్కిలి పొడవైన పదమేది యని విద్యార్థులు తరచుగ నుపాధ్యాయుల నడుగుచుందురు. "స్మైల్స్" అనునది దీనికి చిరకాలముగ వాడుకలోనున్న పరిహాసోత్తరము. ఆ పదమున మొదటి ఎస్ అక్షరమునకును, తుది ఎస్ అక్షరమునకును నడుమ ఒక "మైల్" దూరము కలదు గదా! పరిహాసము నటుండనిచ్చి, ఈ ప్రశ్నను కొంచెము శ్రద్ధతో విచారించినచో పదక్రీడలయందు మక్కువగలవారికి వినోదమును, పరీక్షలకు జదువువారికి లాభమును చేకూరును.

ఇంట ఆంగ్లము చెవినిబడని బాలుడు పాఠమున పదునైదక్షరముల పదము కనబడగనే దానిని దాటిపోవుటయో, అర్థమెరుగక వల్లించుటయో మేము నిత్యము చూచుచున్నాము. ఈ భయమునకు కారణము లేదు. "విద్యాభ్యాసకాలనియమములు" అను మాటను జూచి మనలో నెవ్వరును బెదరరు. ఏలయనగా అందలి ముక్కలు మన కెరుకయే. తెలుగు తరగతిలో సంధి విడదీసి, సమాసమునకు విగ్రహవాక్యము చెప్పనేర్చిన విద్యార్థి ఆ నేర్పునే ఆంగ్లమునకును వినియోగింపవచ్చును. అచ్చట మూలపదము నడుమ నుండును; ముందు ఉపసర్గలును, వెనుక ప్రత్యయములును చేరును. మొదట మూలమును పట్టుకొనవలెను. పిమ్మట తక్కినవానిని ఒక్కొక్కటిగా విప్పవలెను.

1. పెరిగిన పదములు

"యాంటీ-డిస్-ఎస్టాబ్లిష్-మెంట్-ఏరియన్-ఇజమ్" అను పదమును ఉదాహరణముగ దీసికొందము. ఇందు 28 అక్షరములున్నవి. దీని మూలము "ఎస్టాబ్లిష్", అనగా స్థాపించుట; 9 అక్షరములు. క్రైస్తవ సంఘవిషయమున నీ మాటకు, ఒక సంఘమును రాజ్యము తన యధికారసంఘముగ నేర్పరచుట యని విశేషార్థము. దీనికి ముందు "డిస్" చేరగా 12 అక్షరములై, ఆ సంబంధమును తొలగించుట యగును. "మెంట్" చేరగా 16, తొలగింపు. "యాంటీ" చేరగా 20, తొలగింపునకు విరోధము. "ఏరియన్" చేరగా 25, అట్లు విరోధించువాడు. తుదకు "ఇజమ్" చేరగా 28, అట్టివారి వాదము.

ఈ పదము కేవలము అక్షరముల ప్రోవు గాదు. పందొమ్మిదవ శతాబ్దమున సంఘమునకును రాజ్యమునకును గల బంధమును త్రెంపవలెనా, వలదా యని బ్రిటనులో తీవ్రమైన వాదములు జరిగినవి. 1869లో చేయబడిన చట్టముచే ఐర్లండు సంఘము 1871లో రాజ్యసంబంధమునుండి విడివడినది. వేల్సునందు ఇట్టి మార్పే 1920లో అమలునకు వచ్చినది. ఇంగ్లండునందలి సంఘము మాత్రము నేటికిని రాజ్యసంబంధము గలదై యున్నది. ఇట్లు ఆరు ముక్కలలో నొక దేశచరిత్రాంశము ఇమిడియున్నది. విడదీసి చదివినవానికి అక్షరక్రమమును, అర్థమును, చరిత్రయు నొక్కమారే లభించును.

2. పేర్చిన పదములు

అన్ని దీర్ఘపదములును ఇట్లవసరముచే బెరిగినవి కావు. కొన్ని కేవలము పొడవు కొరకే పేర్చబడినవి. "ఫ్లాక్సీ-నాసీ-నిహిలీ-పిలి-ఫికేషన్" అనునది 29 అక్షరముల పదము. "లెక్కకు రానిది" అను భావమిచ్చు నాలుగు లాటిన్ మాటలు ఈటన్ పాఠశాల వ్యాకరణమున నొకచోట చెప్పబడియుండగా, వానిని వరుసగ గ్రుచ్చి దీనిని కల్పించిరి. దేనినైనను విలువలేనిదిగ నెంచుట యని దీని యర్థము. విలియం షెన్‌స్టన్ అను కవి 1741లో వ్రాసిన లేఖయందు ఇది కనబడుచున్నది. ఇందు ఐ అను అక్షరము తొమ్మిదిమారులు వచ్చును. ఆంగ్లమున మిక్కిలి తరచుగ వచ్చు ఈ అను అక్షరము ఒక్కమారైనను రాదు.

షేక్స్‌పియరు మహాకవి "లవ్స్ లేబర్స్ లాస్ట్" అను నాటకమున నొక పామరుని నోట "హొనోరిఫికాబిలిటుడినిటాటిబుస్" అను 27 అక్షరముల లాటిన్ పదమును పలికించి, పండితంమన్యులను పరిహసించెను. ఇందు హల్లు, అచ్చు, హల్లు, అచ్చు అను క్రమము మొదటినుండి తుదివరకు నొక్కచోటనైనను తప్పలేదు. కావుననే తెలుగులిపిలో వ్రాసినపుడు దీనికి ఒక్క ఒత్తయిన నవసరము లేకపోయినది!

"న్యుమోనో-అల్ట్రా-మైక్రోస్కోపిక్-సిలికో-వాల్కేనో-కోనియోసిస్" అను 45 అక్షరముల పదమును 1935లో అమెరికాయందలి జాతీయ ప్రహేళికాసంఘపు అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ కల్పించెను. ఊపిరితిత్తులు, అతి, సూక్ష్మమైన, సిలికా, అగ్నిపర్వతము, ధూళిచే కలుగు వ్యాధి యని దీని ముక్కలకు వరుసగ నర్థములు. రాళ్లు కొట్టువారికిని, గనులలో పనిచేయువారికిని సిలికా ధూళిని పీల్చుటచే వచ్చు ఘోరవ్యాధిని వైద్యులు "సిలికోసిస్" అని తొమ్మిదక్షరములలోనే చెప్పుదురు. రోగికి చికిత్స చేయువానికి 45 అక్షరముల పేరుతో పనిలేదు. విద్యార్థులు వ్యాసములు వ్రాయునపుడు దీనిని గుర్తునందుంచుకొనవలెను. చిన్నమాట చాలినచోట పెద్దమాట వాడుట పాండిత్యము గాదు.

3. పదక్రీడలయందు

ఆల్ఫ్రెడ్ బట్స్ అను అమెరికను వాస్తుశిల్పి 1930 తరువాతి సంవత్సరములలో కల్పించిన అక్షరముల ఆటకు 1948లో "స్క్రాబుల్" అను పేరు వచ్చినది. ఇందు అడ్డముగ 15, నిలువుగ 15, మొత్తము 225 గడులున్నవి. బిళ్లలు 100, ఆటగానియొద్ద నొకసారికి నుండునవి ఏడు. కావున పైన జెప్పిన మహాపదములలో నొకటియు నీ పలకమీద పట్టదు. వార్తాపత్రికలలో నేయక్షర మెన్నిమారులు వచ్చునో బట్స్ లెక్కించి మార్కులు నిర్ణయించెను. అరుదైన అక్షరమునకు ఎక్కువ. "క్విజ్" అను నాలుగక్షరముల పదమునకు 22 మార్కులుండగా, "నైన్‌టీన్" అను ఎనిమిదక్షరముల పదమునకు 8 మాత్రమే. అయితే చేతనున్న ఏడు బిళ్లలను నొకేమారు వాడినవానికి అదనముగ 50 మార్కులు లభించును.

ఇచ్చటను విభజనజ్ఞానమే తోడ్పడును. "రైట్" అను అయిదక్షరముల పదమునకు ముందు "కాపీ" చేర్చిన 9, వెనుక "ఏబుల్" చేర్చిన 13, మరల ముందు "అన్" చేర్చిన 15 అక్షరముల "అన్-కాపీ-రైట్-ఏబుల్" అగును. గ్రంథస్వామ్యమునకు లోబడనిది యని దీని యర్థము. ఇది పలక యొక అంచునుండి మరియొక అంచువరకు సరిపోవును. ఇంతేగాక, ఇందే యక్షరమును రెండవమారు రాదు.

ఆర్థర్ విన్ అనువాడు 1913 డిసెంబరు 21వ తేదీన "న్యూయార్క్ వరల్డ్" పత్రికలో ప్రకటించినదే నేటి పదబంధ ప్రహేళికలకు మొదటిది. బ్రిటిషు దినపత్రికల ప్రహేళికలలో పెక్కింటికి వరుసకు 15 గడులుండును. కావున వీనియందు 15 అక్షరముల పదబంధములకు గిరాకి యెక్కువ. "ఇన్ ది ఫస్ట్ ప్లేస్", "వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్" అనునవి యట్టివి. ఆధారము ప్రక్కన 4, 2, 1, 8 అని యున్నచో నడుమనున్న ఏకాక్షరపదమును ముందుగ బట్టుకొనవలెను. అది తరచుగ "ఎ" యగును.

ముందునుండియు వెనుకనుండియు నొకేరీతి చదువబడు వాక్యములును ఇట్టి వినోదములే. "మేడమ్, ఐ'మ్ ఆడమ్" అను దానిని ఆంగ్లాక్షరములలో వ్రాసి వెనుకనుండి చదివి చూడుడు. తెనాలి రామకృష్ణుని "వికటకవి" బిరుదు మన కెరుకయే గదా. అక్షరములను వరుసతప్పించి యందించు వ్యస్తాక్షరియు, కొన్ని యక్షరములను వలదను నిషిద్ధాక్షరియు మన అవధానములయందు గలవు. కావున అక్షరక్రీడ మనకు పరాయివిద్య కాదు.

4. అభ్యాసము

ఈ క్రింది ప్రశ్నలకు నిఘంటువు చూడకయే యుత్తరములు వ్రాయ యత్నింపుడు.

(అ) "మిస్అండర్‌స్టాండింగ్" అను 16 అక్షరముల పదమును నాలుగు ముక్కలుగ విడదీయుడు.
(ఆ) "ఇంటర్నేషనలైజేషన్" అను 20 అక్షరముల పదమున మూలపదమేది?
(ఇ) ఏ, ఈ, ఐ, ఓ, యు అను అయిదచ్చులును ఒక్కొక్కసారి వరుసతప్పక వచ్చు పదమొకటి చెప్పుడు.
(ఈ) ఆ అయిదింటిలో నొకటియు లేని ఏడక్షరముల పదమేది?

ఉత్తరములు: (అ) మిస్, అండర్, స్టాండ్, ఇంగ్. (ఆ) నేషన్. (ఇ) అబ్‌స్టీమియస్, మితముగ భుజించువాడని యర్థము. (ఈ) రిథమ్స్.