బ్రేక్ బాగానే ఉంది, సెన్సరే అబద్ధం చెప్పింది: కారు సేఫ్టీ ఎలక్ట్రానిక్స్ ఎక్కడ దారి తప్పుతాయి?

ఫోన్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేస్తాం. యాప్ క్రాష్ అయితే తీసేసి మళ్లీ వేసుకుంటాం. పోయేదేమీ లేదు. కానీ ఇప్పటి కార్లలో బ్రేక్ కూడా సగం కంప్యూటర్ చేతిలోనే ఉంది. 80 కిలోమీటర్ల వేగంలో ఆ కంప్యూటర్ అర సెకను తడబడితే కారు 11 మీటర్లు ముందుకు పోతుంది. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద, రాత్రిపూట, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీకీ మనకూ మధ్య ఒక్కోసారి ఉండే దూరం అంతే.

ఏబీఎస్, ఈబీడీ, ఈఎస్‌సీ, అడాస్ ఉంటే ఎంత లాభమో ప్రతి రివ్యూలోనూ చెప్తారు. అవి తప్పు చేస్తే ఏమవుతుందో చాలా తక్కువ మంది చెప్తారు. ఈరోజు అదే నేర్చుకుందాం. ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా ఈజీ: చచ్చిపోయిన సెన్సర్ కన్నా అబద్ధం చెప్పే సెన్సర్ చాలా డేంజర్.

ముందు ఏబీఎస్ లెక్క ఏంటో చూద్దాం

ప్రతి చక్రం దగ్గర ఒక స్పీడ్ సెన్సర్ ఉంటుంది. చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగునో, అయస్కాంత రింగునో అది చదువుతుంది. ఉదాహరణకు రింగుకు 48 పళ్లు ఉన్నాయనుకుందాం. చక్రం ఒక్క చుట్టుకు 1.9 మీటర్లు పోతుందనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో సెన్సర్ నుంచి సెకనుకు దాదాపు 420 పల్స్‌లు వస్తాయి. ఏబీఎస్ కంప్యూటర్, అంటే ఈసీయూ, నాలుగు చక్రాల పల్స్‌లను పోల్చి చూస్తూ ఉంటుంది.

మీరు గట్టిగా బ్రేక్ తొక్కారు. ఒక చక్రం నుంచి పల్స్‌లు ఒక్కసారిగా పడిపోయాయి. అంటే ఆ చక్రం లాక్ అయి జారుతోందని ఈసీయూకు అర్థమవుతుంది. వెంటనే ఆ చక్రానికి ప్రెషర్ వదులుతుంది, మళ్లీ పట్టిస్తుంది, మళ్లీ వదులుతుంది. సెకనుకు చాలాసార్లు ఇలా జరుగుతుంది. మీ కాలి కింద పెడల్ దడదడలాడేది అందుకే. దానివల్ల బ్రేక్ వేస్తూనే స్టీరింగ్ తిప్పి తప్పించుకోగలుగుతాం. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈసీయూకు రోడ్డు కనపడదు, చక్రమూ కనపడదు. దానికి తెలిసింది పల్స్‌లు మాత్రమే. ఇన్‌పుట్ తప్పయితే, కోడ్ ఎంత కరెక్ట్‌గా ఉన్నా అవుట్‌పుట్ తప్పే.

చచ్చిన సెన్సర్, అబద్ధాల సెన్సర్

సెన్సర్ వైరు తెగిపోయిందనుకోండి. ఈసీయూ సెల్ఫ్ టెస్టులో అది దొరికిపోతుంది. ఏబీఎస్‌ను ఆఫ్ చేసి డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగిస్తుంది. కారు ఏబీఎస్ లేని పాత కారులా మారుతుంది, అంతే. హైడ్రాలిక్ బ్రేక్ పనిచేస్తూనే ఉంటుంది.

మరి వైరు బాగానే ఉండి రింగుకు తుప్పు పట్టినా, బురదా ఇనుప రజనూ పేరుకున్నా? పాత రకం సెన్సర్లలో వేగం తగ్గేకొద్దీ సిగ్నల్ కూడా బలహీనపడుతుంది. తుప్పు వల్ల గ్యాప్ పెరిగితే, కారు ఇంకా మెల్లగా కదులుతుండగానే సిగ్నల్ మాయమవుతుంది. ‘చక్రం లాక్ అయింది’ అని ఈసీయూ నమ్మి ప్రెషర్ వదిలేస్తుంది. డ్రైవర్‌కు ఎలా ఉంటుందంటే, సిగ్నల్ దగ్గర కారు ఆగబోతోంది అనగా పెడల్ గరగరమంటుంది, కారు ఇంకో అడుగో రెండడుగులో ముందుకు జారుతుంది. పొడి తారు రోడ్డు మీద, మెల్లగా ఆపేటప్పుడు ఇలా అయితే అది ఏబీఎస్ గొప్పతనం కాదు, తప్పు. లైటు వెలగకపోవచ్చు కూడా, ఎందుకంటే ఈసీయూ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది.

మన దగ్గర దీనికి కారణాలు కరువా? దమ్ము చేసిన పొలాల నుంచి ట్రాక్టర్లు రోడ్డెక్కించే బురద, పొలం పక్కన పెట్టిన కార్లలో దూరి వైర్లు కొరికే ఎలుకలు, పంక్చర్ అయినప్పుడు ఒక చక్రానికి వేరే సైజు టైరు వేసి అలాగే తిప్పడం. టైరు చిన్నదైతే ఆ చక్రం మిగతా మూడింటి కన్నా వేగంగా తిరుగుతుంది. ఆ తేడాను ఈఎస్‌సీ లాంటి సిస్టమ్‌లు తప్పుగా అర్థం చేసుకునే వీలుంది.

వడ్ల రోడ్డు మీద పసుపు లైటు

‘పసుపు లైటే కదా, బ్రేక్ పడుతోంది కదా’ అని నెలల తరబడి తిప్పేవాళ్లు చాలామంది. పొడి తారు రోడ్డు మీద ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ మన జిల్లాలో సీజన్ మారితే రోడ్డు కూడా మారిపోతుంది. బోధన్ శక్కర్ నగర్‌లోని నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. ఒకప్పుడు చెరుకు ఉన్న చాలా మడుల్లో ఇప్పుడు వరే. కోతలు అయ్యాయంటే రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి.

ఇప్పుడు సీన్ ఊహించుకోండి. ఎదురుగా లారీ వచ్చింది, మీరు ఎడమకు జరిగారు. ఎడమ చక్రాలు రెండూ వడ్ల మీద, కుడి చక్రాలు రెండూ తారు మీద. అంతలో బర్రె అడ్డం వచ్చింది, గట్టిగా తొక్కారు. కుడి చక్రాలకు పట్టు ఉంది, ఎడమ చక్రాలకు లేదు. ఏబీఎస్ లేకపోతే కారు పట్టున్న వైపుకు, అంటే కుడి వైపుకు తిరిగిపోతుంది. కుడి వైపు ఏముంది? ఎదురుగా వస్తున్న లారీ. సరిగ్గా ఇలాంటి సగం పట్టు, సగం జారుడు రోడ్డు మీద కారును నిలకడగా ఉంచడమే ఏబీఎస్, ఈఎస్‌సీల అసలు పని. ఇంజినీర్లు దీని కోసం ప్రత్యేకంగా టెస్ట్ ట్రాక్‌లు కట్టి పరీక్షిస్తారు. పసుపు లైటు వేసుకుని వడ్ల సీజన్లో తిరగడం అంటే, అవసరం పడే రోజునే ఆ రక్షణ లేకుండా వెళ్లడం.

ఇంకో మాట. ఏబీఎస్ బాగున్నా వడ్లు, కంకర లాంటి వదులు పొర మీద కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో మంచి తారు మీద దాదాపు 20 మీటర్లలో ఆగే కారుకు, పట్టు సగానికి తగ్గితే 40 మీటర్లు కావాలి. మనం రియాక్ట్ అయ్యే టైములో పోయే దూరం దీనికి అదనం. అప్పుడు పెడల్ దడదడలాడుతూ బ్రేక్ పట్టనట్టు అనిపిస్తుంది. అది ఎలక్ట్రానిక్స్ ఫెయిల్యూర్ కాదు, ఫిజిక్స్. దానికి మందు ఒక్కటే: వడ్లు కనపడగానే వేగం తగ్గించడం.

కోడ్ తప్పు చేసిన సందర్భాలు

సెన్సర్లే కాదు, సాఫ్ట్‌వేర్ కూడా తప్పు చేస్తుంది. పెద్ద కంపెనీలకే జరిగింది.

2010 ఫిబ్రవరిలో టయోటా ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.37 లక్షల హైబ్రిడ్ కార్లను వెనక్కి పిలిచింది. అందులో ఎక్కువ ప్రియస్‌లే. గతుకుల మీదో జారుడు రోడ్డు మీదో మెల్లగా బ్రేక్ వేస్తుండగా ఏబీఎస్ ఆన్ అయితే, బ్రేక్ ఒక క్షణం వదులైనట్టు అనిపించేది. దాన్ని సరిచేసింది కొత్త పార్టు కాదు, ఏబీఎస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్.

2020 మార్చిలో వోల్వో 7 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేసింది. అక్కడ సమస్య రివర్స్: ఎదురుగా అడ్డంకి ఉన్నా ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేక్, అంటే ఏఈబీ, కొన్ని పరిస్థితుల్లో పడకపోవచ్చు.

2021 అక్టోబరులో టెస్లా తన సెల్ఫ్ డ్రైవింగ్ బీటాకు ఒక అప్‌డేట్ పంపింది. కారులోని రెండు చిప్‌ల మధ్య కమ్యూనికేషన్ తెగడంతో ముందున్న వాహనాల వేగాన్ని సిస్టమ్ తప్పుగా లెక్కకట్టింది. అవసరం లేకపోయినా కార్లు వాటంతట అవే బ్రేక్ వేసే ప్రమాదం ఏర్పడింది. 11,704 కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ చదివిన వాళ్లకు ఈ బగ్ బాగా తెలిసినట్టే అనిపిస్తుంది.

లేని అడ్డంకికి పడే బ్రేకును ఫాంటమ్ బ్రేకింగ్ అంటారు. 2022 ఫిబ్రవరిలో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ హోండా సీఆర్-వీ, అకార్డ్ కార్ల మీద ఇదే ఫిర్యాదుతో విచారణ మొదలుపెట్టింది. 2024 సెప్టెంబరులో బీఎండబ్ల్యూ కాంటినెంటల్ తయారుచేసిన ఇంటిగ్రేటెడ్ బ్రేక్ సిస్టమ్‌లో లోపం వల్ల దాదాపు 15 లక్షల కార్ల సమస్య ప్రకటించింది. అందులో పవర్ అసిస్ట్ పోయినా, పెడల్ గట్టిగా తొక్కితే కారు ఆగే ఏర్పాటు మాత్రం ఉంది. మంచి డిజైన్ అంటే ఇదే: చెడిపోదని గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు, చెడిపోయాక కూడా ఒక దారి మిగలాలి.

మన దగ్గర అడాస్ కార్లకు ఇంకో పరీక్ష ఉంది. కెమెరా ఎక్కువగా నేర్చుకునేది కారు, బైకు, మనిషి ఆకారాలు. నాలుగు వైపులా గడలు వేలాడే చెరుకు ట్రాలీ వెనక నుంచి చూస్తే ఏ ఆకారంలోనూ ఉండదు. రాడార్ లోహాన్ని పట్టుకున్నంత బాగా చెరుకు మోపును పట్టుకోలేదు. ‘కొన్ని వాహనాలను గుర్తించకపోవచ్చు’ అని కంపెనీలే మాన్యువల్‌లో రాస్తాయి. ఆ పేజీ కూడా చదవండి.

లైట్లు ఏం చెప్తున్నాయి?

- పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే: మామూలు బ్రేక్ ఉంది, ఏబీఎస్ లేదు. వేగం తగ్గించి, దూరం పెంచి, వీలైనంత త్వరగా చూపించండి.
- పసుపు ఏబీఎస్, ఎరుపు బ్రేక్ లైటు రెండూ: ఈబీడీ కూడా పోయి ఉండొచ్చు. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే లాక్ అయ్యే ప్రమాదం ఉంది. పక్కకు ఆపండి.
- ఎరుపు ఒక్కటే: ముందు హ్యాండ్‌బ్రేక్ దించారో లేదో, తర్వాత బ్రేక్ ఫ్లూయిడ్ చూడండి. ఫ్లూయిడ్ తగ్గి ఉంటే బండి నడపొద్దు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఒక చిట్కా. కీ ఆన్ చేయగానే ఏబీఎస్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే ఫాల్ట్ లేదని కాదు, లైటునే ఎవరో పనిచేయకుండా చేసి ఉండొచ్చు.

ఆన్‌లైన్‌లో దొరికే చవక ఓబీడీ స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. ఏబీఎస్ కోడ్‌లు ‘సీ’ అక్షరంతో మొదలవుతాయి. సీ0035 అంటే ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్. కొనే ముందు ఆ స్కానర్ మీ కారు ఏబీఎస్‌ను చదువుతుందో లేదో కనుక్కోండి. కోడ్ తెలిస్తే, ఏబీఎస్ మాడ్యూలే మార్చాలని చెప్పినప్పుడు ‘ముందు సెన్సర్, వైరు, రింగు చూడండి’ అని అడగొచ్చు. మాడ్యూల్‌తో పోలిస్తే సెన్సర్ చాలా చవక.

రోడ్డు మీద తేడా వస్తే

- పెడల్ దడదడలాడితే: కాలు తీయొద్దు. గట్టిగా తొక్కిపెట్టి స్టీరింగ్ తిప్పండి.
- పెడల్ రాయిలా గట్టిపడితే: అసిస్ట్ పోయింది. పదేపదే తొక్కి వదలొద్దు, ఉన్న బలమంతా పెట్టి ఒకేసారి నొక్కిపట్టండి.
- పెడల్ కిందికి దిగిపోతే: గబగబా తొక్కి వదులుతూ ప్రెషర్ తెప్పించండి. గేర్లు తగ్గించండి. చేతి బ్రేక్ అయితే మెల్లమెల్లగా లాగండి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ అయితే స్విచ్ పట్టుకునే ఉండండి, చాలా కార్లలో అది ఎమర్జెన్సీ బ్రేకులా పనిచేస్తుంది.
- అడాస్ ఊరికే బ్రేక్ వేస్తే: ముందు ఖాళీగా ఉందని చూసుకుని యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. చాలా కార్లలో బ్రేక్ వదిలేస్తుంది.

పెడల్ దడ ఎలా ఉంటుందో ప్రమాదం రోజున మొదటిసారి తెలుసుకోవడం మంచిది కాదు. ఖాళీ మైదానంలో, వెనక ఎవరూ లేనప్పుడు, 30 కిలోమీటర్ల వేగంలో ఒకసారి గట్టిగా తొక్కి చూడండి.

ఫిర్యాదు మీ హక్కు

2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110ఏ సెక్షన్ ప్రకారం, లోపం ఉన్న వాహనాలను వెనక్కి పిలవమని కేంద్రం కంపెనీని ఆదేశించొచ్చు. దీని రూల్స్ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఏడేళ్ల లోపు వాహనాలకు వర్తిస్తాయి. కంపెనీ తానుగా రీకాల్ చేయకుండా, ప్రభుత్వమే ఆదేశించాల్సి వస్తే 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఆదేశం రావడానికి కావాల్సింది ఫిర్యాదుల సంఖ్య. అందుకే సర్వీస్ సెంటర్‌లో ‘అప్పుడప్పుడు అలా అవుతుంది సార్’ అని సర్దిచెప్పినా, మీ సమస్య జాబ్ కార్డు మీద తేదీతో, కిలోమీటర్ రీడింగుతో రాయించండి. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ చాసిస్ నంబరు కొట్టి, పెండింగ్ రీకాల్ ఉందేమో చూడండి. ఉంటే రిపేరుకు మీరు రూపాయి కూడా కట్టక్కర్లేదు.

ఫోన్‌లో అప్‌డేట్ వచ్చిందంటే ఆ రాత్రే వేసేసుకుంటాం. కారు పసుపు లైటు వెలిగించి అడిగేది కూడా అలాంటి అప్‌డేటే. వచ్చే కోతల దాకా దాన్ని వాయిదా వేయకండి.