లండన్‌లో గది వెతికే ముందు మ్యాపు చూడండి

మన పిల్లలు విమానం ఎక్కకముందే రైట్‌మూవ్, స్పేర్‌రూమ్ సైట్లు తెరిచి లండన్‌లో గదులు వెతుకుతున్నారు. మంచిదే. కానీ మేము పడ్డ గోతుల్లోనే ఏటా కొత్తవాళ్ళు పడుతుంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

వెతికేటప్పుడు ఊరి పేరు కాదు, పోస్ట్‌కోడ్ కొట్టండి. ఉదాహరణకు, యూనివర్సిటీ ఉన్న హ్యాట్‌ఫీల్డ్ హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఉంది. అదే పేరుతో ఇంకోటి ఎక్కడో ఉత్తరాన డాంకాస్టర్ దగ్గర ఉంది. మొదటిదాని పోస్ట్‌కోడ్ ఏఎల్10 అని కొడితే ఆ తికమక ఉండదు. కొత్తగా పెట్టినవి ముందు వచ్చేలా చూసుకోండి, అలర్ట్ పెట్టుకోండి. అద్దె వారానికి 200 పౌండ్లంటే నెలకు 800 అనుకోకండి. ఏడాదికి 52 వారాలు, అంటే నెలకు దాదాపు 867. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఇక్కడ తప్పుతున్నారు!

ఇక అసలు సంగతి, దూరం. ‘మూడు మైళ్ళ లోపు’ అని పెడితే సైట్ మ్యాపు మీద గుండ్రంగా గీత గీస్తుంది, అంతే. మధ్యలో నది ఉందా, బస్సు ఉందా అని చూడదు. మొన్న ఒకబ్బాయికి బెక్టన్‌లో రాత్రి పని దొరికింది. అద్దె తక్కువని థేమ్స్‌మీడ్‌లో గది తీసుకున్నాడు. మ్యాపులో రెండు మైళ్ళ చిల్లరే. కానీ మధ్యలో థేమ్స్ ఉంది. టవర్ బ్రిడ్జి దాటితే తూర్పున డార్ట్‌ఫర్డ్ దాకా వంతెనే లేదు. బస్సులో వూలిచ్ వెళ్ళి, డీఎల్ఆర్ రైల్లో నది కింద నుంచి దాటి, మళ్ళీ మారాలి. అర్ధరాత్రి బాగా దాటాక షిఫ్టు దిగితే డీఎల్ఆర్ కూడా ఉండదు. ఆ చలిలో బస్టాపుల్లో నిలబడ్డదాన్ని గనక చెబుతున్నాను: గుండ్రాన్ని నమ్మకండి.

మాది నరసాపురం పక్క పల్లె. మా పెద్దమ్మది నదికి అవతల సఖినేటిపల్లి. ఆ గట్టు మీది కొబ్బరిచెట్లు కళ్ళెదుటే ఉండేవి, కానీ పంటు పడవ వస్తేనే ప్రయాణం. రేవులో డీజిలు పొగ, చేపల బుట్టలు, మోటారుసైకిళ్ళు. ఎంతసేపైనా అమ్మ పక్కన ఉండేది. అక్కడ ఎదురుచూడటం కూడా బాగుండేది. ఇక్కడ తెల్లవారుజామున మూడింటికి పక్కన ఎవరుంటారు?

మళ్ళీ చెబుతున్నాను, గుండ్రాన్ని నమ్మకండి. రైట్‌మూవ్‌లో మ్యాపు మీద మనమే గీత గీసి వెతకొచ్చు. నదికి మీ పని ఉన్న వైపే గీయండి. గది నచ్చితే లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ వారి జర్నీ ప్లానర్‌లో పని చోటు నుంచి ఆ గదికి, మీ షిఫ్టు వదిలే టైము పెట్టి దారి చూడండి. పగటి టైము పెట్టి చూసి మురిసిపోకండి.

గదిని ఎవరైనా వెళ్ళి కళ్ళారా చూసేదాకా పైసా కట్టకండి. ఇంగ్లండ్‌లో 2019 చట్టం ప్రకారం గది మీకోసం ఆపి ఉంచడానికి ఒక వారం అద్దెకు మించి తీసుకోకూడదు. అంతకన్నా ఎక్కువ అడిగితే ఆ గది వదిలేయండి.