తాళ్లపాక అర

తాలూకా కచేరీకి పోవువారు ముందరి బల్లలను మాత్రమే చూతురు. లోపల పాత దస్త్రములు దాచిన గది యొకటి కలదని, తాతగారి భూమికి సర్వే నంబరు కావలసినప్పుడుగాని తెలియదు.

పూర్వము పెద్ద దేవాలయములు కచేరీలవలె కూడ నడచెడివి. మాన్యముల లెక్కలు, కానుకల పట్టీలు అచ్చటనే యుండెడివి. తిరుమల ఆలయమున హుండీకి ఎదురుగా నట్టి చిన్న రాతిగది యొకటి కలదు. దానిని తాళ్లపాక అర యందురు. అందు దాచినది ధనము కాదు, తెలుగు పాట.

అన్నమాచార్యులు (1408–1503) 32,000 సంకీర్తనలు రచించిరని ప్రతీతి. కుమారుడు పెదతిరుమలాచార్యులు వానిని రాగిరేకులపై చెక్కించిరి. తాటియాకునకు పురుగు పట్టును, రాగికి పట్టదు. అయినను చదువువారు లేక ఆ రేకులు శతాబ్దములు మరుగున పడియుండెను. 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషివలన అవి వెలుగు చూచెను. పిదప దేవస్థానమువారు అచ్చు వేయించిరి. మనకు దక్కినవి సగమునకు తక్కువే. రాగి అక్షరములను కాచెను. వానిని పలికించుటకు మనిషి కావలసివచ్చెను.

విద్యార్థులారా! బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురము ప్రాంతములలో మనలో పలువురకు ఇంట తెలుగు, కచేరీలో కన్నడము. రెండును మనవే. కైవారము తాతయ్యగారు రెండు భాషలలోను పాడిరి. కన్నడమును శ్రద్ధగా నేర్వుడు. కాని ఇంటి తెలుగును చదువక, వ్రాయక విడిచినచో అదియు మూసిన అరయే యగును. తల్లిదండ్రులారా! మీ ఇంట అవ్వ పాడు పాట నొకదానిని పిల్లలచేత వ్రాయించి పంపుడు. మేము తరగతిలో చదివింతుము.