కుర్చీ వాళ్లది, సొరుగు మనది

న్యూయార్క్‌లో అమెరికన్ హాస్యనటి జోన్ రివర్స్ ఇంట్లో సొరుగుల బీరువాలు ఉండేవి. పాత గ్రంథాలయాల్లో పుస్తకాల కార్డులు దాచేవాళ్లే, అచ్చం అలాంటివి. సొరుగు లాగితే బయటపడేవి మాత్రం జోకులు. టైపు కొట్టిన చిన్న చిన్న కార్డులు, ఒక్కో కార్డు మీద ఒక్కో జోకు, విషయాల వారీగా, అక్షర క్రమంలో. ఏళ్ల తరబడి రాస్తే అవి దాదాపు 65 వేలయ్యాయి. ఆమె పోయాక ఆ మూట మొత్తం జేమ్స్‌టౌన్‌లోని నేషనల్ కామెడీ సెంటర్‌కు చేరింది.

నోటికేది వస్తే అది అనేస్తుందని పేరుపడ్డ మనిషి ఆమె. ఆ నోటి వెనక ఇంత రాత ఉందని చాలామందికి తెలియదు.

ముప్పై ఒకటో ఏట తెరిచిన తలుపు

జోన్ 1933లో బ్రూక్లిన్‌లో పుట్టింది. రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం, తండ్రి డాక్టరు. చదువు అయ్యాక నటి కావాలనుకుంది. అవకాశాలు రాలేదు. గ్రీనిచ్ విలేజ్‌లోని చిన్న చిన్న క్లబ్బుల్లో రాత్రిళ్లు నిలబడి జోకులు చెప్పుకుంటూ ఏళ్లు గడిపింది. 1965 ఫిబ్రవరి 17న, టీవీలో రాత్రిళ్లు వచ్చే ‘టునైట్ షో’లో కనిపించేనాటికి ఆమెకు 31 ఏళ్లు. ఆ షో నడిపే జానీ కార్సన్ కార్యక్రమంలోనే, అందరూ చూస్తుండగా, నువ్వు పెద్ద స్టార్‌వి అవుతావని అనేశాడు. అమెరికాలో హాస్యగాళ్లకు అంతకన్నా పెద్ద ఆశీర్వాదం అప్పట్లో లేదు.

1983 నాటికి కార్సన్ సెలవు పెడితే ఆ కుర్చీలో కూర్చునే శాశ్వత అతిథి హోస్ట్ అయింది. మూడేళ్లకు, 1986 అక్టోబరులో, కొత్తగా మొదలైన ఫాక్స్ ఛానల్ ఆమెకు సొంత షో ఇచ్చింది. అమెరికన్ నెట్‌వర్క్ టీవీలో రాత్రి టాక్ షో సొంతంగా నడిపిన మొదటి మహిళ ఆమే.

కుర్చీ జారిన ఏడాది

ఈ ఫాక్స్ షో సంగతి కార్సన్‌కు ఆమె నోటి నుంచి కాక వేరే దారిలో ముందే తెలిసిపోయింది. ఆమె ఫోన్ చేస్తే పెట్టేశాడు. ఆ తర్వాత బతికున్నంత కాలం మాట్లాడలేదు. తనను పైకి తెచ్చిన మనిషికి మొదటి కబురు తనే చెప్పి ఉండాల్సింది. చేయి పట్టుకుని నడిపించిన వాళ్లను దాటి వెళ్లాల్సిన రోజు మనకూ రావచ్చు. వెళ్లడం తప్పు కాదు. ఆ మాట మూడో మనిషి నోట వాళ్ల చెవిన పడితేనే మనసు విరుగుతుంది.

కొత్త షో రేటింగులు తెచ్చుకోలేకపోయింది. నిర్మాతగా ఉన్న భర్త ఎడ్గర్ రోజెన్‌బర్గ్‌కూ ఛానల్ పెద్దలకూ పడలేదు. భర్తను తప్పించమంటే ఆమె ఒప్పుకోలేదు. 1987 మేలో ఇద్దరినీ పంపించేశారు. ఆగస్టులో ఎడ్గర్ ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి జోన్ వయసు 54. కుర్చీ పోయింది, ఇంటి మనిషి పోయాడు. కార్సన్ 1992లో తప్పుకున్న తర్వాత కూడా ‘టునైట్ షో’ తలుపులు చాలా ఏళ్లు మూసుకునే ఉన్నాయి.

మిగిలింది బీరువా. అందులోంచి మళ్లీ మొదలుపెట్టింది. తన దుఃఖాన్నీ వదలకుండా జోకులు కట్టింది. 1989లో పగటిపూట టాక్ షో దొరికింది, మరుసటి ఏడాదే దానికి డేటైమ్ ఎమ్మీ అవార్డు వచ్చింది. టీవీలో నగలు అమ్మడం స్టార్లకు చిన్నతనమనుకునే రోజుల్లో క్యూవీసీ ఛానల్లో నిలబడి తన పేరుతో నగలు అమ్మింది. 75 ఏళ్ల వయసులో, 2009లో, ‘సెలబ్రిటీ అప్రెంటిస్’ టీవీ పోటీ గెలిచింది. అంత పేరు వచ్చాక కూడా కొత్త జోకు రాస్తే ముందు చిన్న వేదిక మీద చెప్పి చూసుకునేది. జనం నవ్వితే సరి, లేకపోతే మళ్లీ చెక్కేది.

మీ సొరుగులో ఏముంది?

హోదా, గది, పేరు పలక, కారు: ఇవన్నీ కుర్చీ సామాను. ఒక బదిలీ కాగితంతో, ఒక మెయిల్‌తో, ఒక యజమాని అలకతో అవి పోతాయి. పోయిన రోజున మన చేతిలో ఏం మిగులుతుందన్నదే అసలు లెక్క. మంచి దర్జీకి కొలతల పుస్తకం ఉంటుంది, దుకాణం మారినా అది వెంట వస్తుంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన లెక్కల మాస్టారికి పిల్లలు ఏ మెట్టు దగ్గర తడబడతారో తెలుసు. పెళ్లి వంటలు చేసే మేస్త్రి ఐదొందల మందికి ఎన్ని కిలోల కందిపప్పు పడుతుందో తడుముకోకుండా చెబుతాడు. ఇవే సొరుగులు.

జోన్ పద్ధతిలో మనం నేర్చుకోదగ్గవి మూడు. మొదటిది, తట్టిన రోజునే రాయడం. గుర్తుంటుందిలే అనుకున్నది సాధారణంగా గుర్తుండదు. రెండోది, దొరికేలా సర్దడం. వరుస లేని 65 వేల కార్డులు చిత్తు కాగితాల కిందే లెక్క. ఫోన్‌లో మనం దాచుకున్న వందల స్క్రీన్‌షాట్లు ఎందుకు పనికిరావో ఆలోచిస్తే ఈ మాట అర్థమవుతుంది. మూడోది, పెద్ద వేదికకు ముందు చిన్న వేదిక. ఇంటర్వ్యూలో చెప్పబోయే జవాబు ఒకసారి ఇంట్లో తమ్ముడి ముందు చెప్పి చూడండి, ఎక్కడ తడబడుతున్నారో అక్కడే తెలుస్తుంది.

అయితే ఆమెలో అన్నీ అనుసరించదగ్గవి కావు. ఇతరుల రూపం మీద, బరువు మీద వేసిన జోకులు కొందరిని గాయపరిచాయి. తన జీవితంపై 2010లో వచ్చిన డాక్యుమెంటరీలో ఆమె డైరీలో ఖాళీ పేజీలు చూపించి, తన భయమంతా అదేనంటుంది. పని మనల్ని నిలబెట్టాలి, ఖాళీ దొరికితే వణికించకూడదు. ఆమె సొరుగు తీసుకుందాం, ఆ భయాన్ని అక్కడే వదిలేద్దాం.

2014 ఫిబ్రవరి 17న ‘టునైట్ షో’ జిమ్మీ ఫాలన్ చేతికి వచ్చింది. ఆ మొదటి రాత్రి వేదిక మీదికి వరుసగా వచ్చిన తారల్లో జోన్ ఒకరు. తొలిసారి అక్కడ కనిపించిన తేదీకి సరిగ్గా 49 ఏళ్లు. నిలబడింది కొన్ని క్షణాలే. ఆ ఏడాది సెప్టెంబరు 4న, 81 ఏళ్ల వయసులో, కన్నుమూసింది.

కార్సన్ తర్వాత ఆ కుర్చీలో మరికొందరు కూర్చున్నారు, ఇంకా కూర్చుంటారు. జేమ్స్‌టౌన్‌లోని ఆ కార్డులు మాత్రం ఆమె పేరు మీదే ఉన్నాయి.