మల్చర్ ఎత్తినా కిందికి జారుతోందా? హైడ్రాలిక్ వాల్వ్ విప్పే ముందు ఇవి చూడండి

ఆచ్ఛాదన గురించి ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఈరోజు ఆ ఆచ్ఛాదన చేసిపెట్టే మిషన్ సంగతి చూద్దాం. మా ట్రాక్టర్ మల్చర్ జనగామ వైపు మామిడి తోటల్లో సాళ్ల మధ్య గడ్డి కోస్తుంది. మానుకోట వైపు పామాయిల్ తోటలకు పోతుంది. పత్తి ఏరడం అయిపోయిందంటే భూపాలపల్లి చేలల్లో కట్టెను ముక్కలు చేస్తుంది. ఆ సమయంలో మిషన్ వారం రోజులు షెడ్డులో కూర్చుంటే రైతు ఆగడు, కట్టెకు అగ్గి పెడతాడు. అందుకే వాల్వ్ సర్వీసు కూడా మన వ్యవసాయంలో పాఠమే అంటాను.

వాల్వ్ అంటే ఏమిటో ముందు తెలుసుకోండి. ఇనుప దిమ్మలో ఒక రంధ్రం, అందులో ముందుకీ వెనక్కీ జరిగే నున్నటి కడ్డీ. ఆ కడ్డీనే స్పూల్ అంటారు. మీరు లివర్ లాగితే స్పూల్ జరిగి ఆయిల్‌కు దారి ఇస్తుంది. స్పూల్‌కీ రంధ్రానికీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. చలక నేల దుమ్ము చిటికెడు పోయినా ఆ సందులో గీతలు పడతాయి. గీత పడ్డ చోట ఆయిల్ లోలోపలే కారిపోతుంది, బయటికి చుక్క కనబడదు, మల్చర్ మాత్రం జారుతుంది.

దుమ్ము లోపలికి ఎట్ల పోతుంది? చాలామంది ఆయిల్ డబ్బాను అనుమానిస్తారు. నా లెక్కలో అసలు దొంగ పైపు చివరన ఉండే కప్లర్. పొద్దున మల్చర్, మధ్యాహ్నం ఎవరిదో టిప్పింగ్ ట్రాలీ. ఆ ట్రాలీ జాకీ మన ట్రాక్టర్ ఆయిల్‌తోనే లేస్తుంది, దించినప్పుడు అదే ఆయిల్ వెనక్కి మన ట్రాక్టర్‌లోకే వస్తుంది. ఆ జాకీలో ఎన్నేళ్ల మడ్డి ఉందో ఎవరికి తెలుసు! మడ్డి జాకీ ఉన్న ట్రాలీని నేను తగిలించను, మొహమాటం లేదు. కప్లర్‌కు మూత పెట్టండి, తగిలించే ముందు శుభ్రమైన గుడ్డతో తుడవండి. పది రూపాయల మూత వేల రూపాయల వాల్వ్‌ను కాపాడుతుంది.

ఇప్పుడు పరీక్ష. వీడియోలో చూపించినట్టు మల్చర్‌ను పైకి ఎత్తి, ఇంజిన్ ఆపి, పక్కన కర్ర నిలబెట్టి ఎత్తు గుర్తు పెట్టండి. దాని కింద మాత్రం కాలూ చెయ్యీ పెట్టొద్దు. బలంగా లేచి, ఆపాక జారుతుంటే లిఫ్ట్ సిలిండర్ సీలో, వాల్వో అరిగిందని అర్థం. లేవడమే నెమ్మదిగా ఉంటే వాల్వ్ జోలికి పోకండి. ముందు ఆయిల్ మట్టం, తర్వాత జాలీ ఫిల్టర్ చూడండి. ఆయిల్ పాల లాగా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు. నురగ వస్తుంటే పంపు గాలి పీలుస్తున్నట్టు. నల్లబడి మాడు వాసన వస్తే బాగా వేడెక్కినట్టు. ఇవన్నీ సరిచేశాక కూడా తేడా ఉంటేనే పంపు, వాల్వ్.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. పైపు ఎక్కడ కారుతుందో చేతితో తడిమి చూడకండి. బైకు టైరులో గాలి 2 బార్ల పైచిలుకు ఉంటుంది. ట్రాక్టర్ హైడ్రాలిక్స్‌లో మామూలుగా 150 నుంచి 200 బార్లు. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నంతే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల మాత్రం కండ చచ్చిపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. అట్ల జరిగితే పసుపు పెట్టి ఇంట్లో కూర్చోవద్దు. అదే గంటలో వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి పోయి "ప్రెషర్ ఆయిల్ లోపలికి పోయింది" అని చెప్పండి. లీకు చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టండి, తడి అట్ట మీద పడుతుంది.

మల్చర్‌ను పక్కకు జరిపే సిలిండర్‌కు ఆయిల్ ఇచ్చే బయటి వాల్వ్ అయితే మనం విప్పుకోవచ్చు. గేర్‌బాక్స్ పైన ఉండే లోపలి లిఫ్ట్ వాల్వ్ మెకానిక్ పని. మిషన్ నేల మీద దించి, ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకోండి. లివర్ అటూ ఇటూ నాలుగుసార్లు ఆడించండి, మిగిలిన ప్రెషర్ పోతుంది. వాల్వ్ చుట్టూ దుమ్మంతా కడిగి ఆరనిచ్చాకే బోల్టు మీద పానా పెట్టండి. స్ప్రింగులు, వాషర్లు తీసిన వరుసలోనే పేర్చి, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రెండు స్పూళ్లుంటే కలపొద్దు, దేని రంధ్రం దానిదే. శుభ్రమైన డీజిల్‌తో కడగండి. కాటన్ వేస్టు వాడితే పోగులు లోపల ఉండిపోతాయి, ఎమరీ పేపర్ వేస్తే స్పూల్ పనికిరాదు. స్పూల్ మీద గీత గోరుకు తగిలితే సీలు మార్చినా లాభం లేదు, వాల్వ్ మొత్తం మార్చాలి. గీత లేకుంటే కొత్త ఓ-రింగులకు ఆయిల్ రాసి ఎక్కించండి.

బిగించేటప్పుడు బలం చూపించకండి. బోల్టులు ఒకవైపు ఎక్కువ బిగిస్తే దిమ్మ సన్నగా వంగి స్పూల్ పట్టేస్తుంది. లివర్ వదిలితే నడిమికి రాకపోవడానికి అదీ ఒక కారణం. అన్నీ కొద్దికొద్దిగా, ఎదురెదురుగా బిగించండి.

రిలీఫ్ వాల్వ్ స్క్రూ మాత్రం ముట్టొద్దు. "కొంచెం తిప్పితే లిఫ్ట్ బలం వస్తది అన్నా" అనే మెకానిక్‌లు ఊరూరా ఉన్నారు. గేజీ పెట్టి కొలవకుండా తిప్పితే ఆ బలం పంపు మీదా, పైపు మీదా పడుతుంది. గేజీ లేదంటే ఆ పని ఆయనకు ఇవ్వకండి.

తీసిన పాత ఆయిల్‌ను గట్టు మీద గడ్డికి పొయ్యడం కొందరికి అలవాటు. జీవామృతం పోసే చేతితో అది పొయ్యకండి, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి. కొత్త ఆయిల్ ట్రాక్టర్ పుస్తకంలో రాసిన రకమే పోసి, ఇంజిన్ నిదానంగా నడుపుతూ సిలిండర్‌ను పది సార్లు చివరి దాకా ఆడించండి. గాలి పోయాక మట్టం కొంచెం తగ్గుతుంది, మళ్లీ చూసి నింపండి. మరుసటి రోజు పని అయ్యాక బోల్టుల చుట్టూ తడి ఉందేమో ఒకసారి చూడండి.