కావలికుక్క పడక: దాని పరిశుభ్రత

మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో కుక్క లేని కళ్లము అరుదు. వరికుప్పల కడ రాత్రికావలికి, చోడిచేలలో పడు పందులను తఱుముటకు, గొఱ్ఱెలమంద వెంట నడచుటకు, ఉద్దానపు జీడితోటలలో ఎలుగుబంటిని పసిగట్టి మొఱిగి మనుష్యులను మేల్కొలుపుటకు మనము కుక్కను పెంచుచున్నాము. ఎద్దుకు సాల కలదు. కోడికి గంప కలదు. కుక్కకు మాత్రము ఒక చోటును ఏర్పఱచిన యిండ్లు తక్కువ. అది పొయ్యిబూడిదలోనో, సాలలోని గడ్డిమీదనో, వీధియరుగు క్రిందనో చుట్టుకొని పడుకొనును. దయగల యజమాని పాతగోనె యొకటి వేసినను, ఆ గోనె పోగులు పోగులుగా ఊడిపోవు వఱకు దాని నెత్తి దులుపువారుండరు. ఈ మాసమున మేము వ్రాయదలచినది ఆ గోనెను గూర్చియే.

సంఘపత్రికలో వ్రాయదగినంత సంగతియా యిది యని కొందఱు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. కుక్కను పీడించు పురుగులు నిజముగా కాపురముండునది కుక్కమీద గాదు. దాని పడకలోను, ఆ పడక చుట్టునున్న నేలగోడలలోను. ఈ యొక్క మాట తెలియకయే రైతులు చెఱువులో కుక్కను తోమి తోమి విసుగుచెందుచున్నారు, మందులకు డబ్బు పోయుచున్నారు, కొన్నిచోట్ల కుక్కనే పోగొట్టుకొనుచున్నారు.

కుక్కరోమములలో పరుగులిడుచు, పట్టబోవగా గంతువేసి తప్పించుకొను సన్నని గోధుమవన్నె పురుగు కలదు. దానికి ఊరికొక పేరు. మేమిచ్చట మిన్నల్లి యని వ్రాయుచున్నాము. ఆడుమిన్నల్లి దినమునకు నలువది, ఏబది గ్రుడ్ల వఱకు పెట్టగలదు. ఆ గ్రుడ్లు పేలయీపులవలె వెండ్రుకను అంటియుండక, నున్ననివగుటచే కుక్క విదిలించుకొనినప్పుడెల్ల జాఱి పడకలో రాలును. కొలదిదినములకు వానినుండి తెల్లని పిల్లపురుగులు వెలువడి, వెలుతురునకు వెఱచి గడ్డియడుగునకును నేలపగుళ్లలోనికిని దిగును. పెద్దమిన్నల్లులు విసర్జించిన ఎండునెత్తురే వాని తిండి. పిమ్మట పట్టుపురుగువలె చిన్నగూడు అల్లుకొని అందు దాగును. గూటిలోనున్న దానిమీద ఏ మందును సరిగా పనిచేయదు. కుక్కగాని మనిషిగాని దాపునకు వచ్చి నేల అదరినను, వెచ్చదనము సోకినను అది గూడు చీల్చుకొని వెలువడును. ఎవరును రాకున్న నెలల తరబడి కాచియుండగలదు. వలసపోయి యింటికి మరలిన మనవారు తలుపు తీసినంతనే కాళ్లకు పురుగులెక్కెనని మొఱపెట్టుటకు కారణమిదియే. ఇల్లు ఖాళీగా నుండుటచే పురుగు చావలేదు; ఆకలితో ఎదురుచూచినది.

పడకలో మిన్నల్లి యున్నదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. పడకమీది నల్లని నలుసులను తడిపిన తెల్లగుడ్డపై రాల్చి కొంతసేపు చూడుడు. నలుసు చుట్టు ఎఱ్ఱని మఱక వ్యాపించినచో అది మట్టికాదు, మిన్నల్లి మలము.

పిడుదు సంగతి వేఱు. పశువుల పిడుదును కుక్క పిడుదును ఒకటే యని మనవారు తలంతురు, ఒకటి గాదు. కుక్కనంటు గోధుమవన్నె పిడుదు నెత్తురు త్రాగి ఉబ్బి, క్రిందికి రాలి, గోడనెక్కి పగుళ్లలోను దూలముల సందులలోను దూఱి, అచ్చట వేలకొలది గ్రుడ్లు ఒక్కకుప్పగా పెట్టి చచ్చును. దాని పిల్లలు తిండిలేకయే నెలలు గడపగలవు. కావున పిడుదు విషయమున గోనెను ఉడికించిన మాత్రమున పని తీఱదు. పడక ప్రక్కగోడను మనిషియెత్తు వఱకు వెదకి, పగుళ్లలో మట్టిమెత్తి, అలికి, సున్నము కొట్టవలయును. తడిసున్నము ఆఱువఱకు కుక్కను దాపునకు రానీయరాదు. అది నాకినచో నోరు కాలును.

వీనివలన నష్టము కుక్కతో ముగియదు. మిన్నల్లులు మేకపిల్లలను, లేగదూడలను పట్టి నెత్తురు పీల్చును. చిన్నపిల్లలు పాలిపోయి తూలుచుండగా మనము మేతలోపమనుకొందుము. పిడుదులవలన కుక్కకు జ్వరమువచ్చి, తిండిమాని, ముక్కునుండి నెత్తురుకాఱి చచ్చుటయు కలదు. మనుష్యులకు కూడ ఒక విధమగు జ్వరము సోకవచ్చును. ఇక కుక్క కడుపులోని కొంకిపురుగు కలదు. దాని గ్రుడ్లు మలముతోపాటు నేలకు చేరి, తేమగల యిసుకలో పిల్లలై, చెప్పులు లేని కాలిచర్మమున దూఱి, దురదతో వంకరటింకర చారలు చేయును. సముద్రతీర గ్రామములలో నూతికడ చల్లని యిసుకను గీఱి కుక్క పడుకొను చోటనే బిడ్డలును ఆడుకొందురు. పడకకడ మలమును కనబడిన దినముననే పాఱతో తీసి లోతుగా పూడ్చవలయును; కూరమడులకు ఎరువుగా వేయరాదు.

ఇప్పుడు మందుల మాట. మేమీ పాఠము వ్రాయుటకు ముఖ్యకారణ మిదియే యని చెప్పినను తప్పులేదు. పైరుకు కొట్టగా మిగిలిన మోనోక్రోటోఫాసునో క్లోరిపైరిఫాసునో నీట కలిపి కుక్కగోనెపై చల్లువారును, ఏకముగా కుక్కనే దానితో కడుగువారును ఉన్నారు. ఇవి చర్మముద్వారా లోనికి ఎక్కు విషములు. కుక్క తన మేనిని, పడకను నాకుకొను జంతువు. ఆ కుక్కను కౌగిలించుకొను బిడ్డ యింట నుండును. విషమెక్కిన కుక్కకు చొంగకాఱును, మేను వణకును, కండరములు ఎగిరిపడును, పిదప ఊపిరి ఆడదు. అట్టి చిహ్నములు కనబడినచో చేతులకు తొడుగు వేసికొని నీటితో దానిని కడిగి, మందుసీసాను వెంటగొని, తక్షణమే పశువైద్యుని కడకు పరుగెత్తవలయును. సీసాపై పేరు చూచిన గాని ఆయన విఱుగుడు నిర్ణయింపలేడు. గమాక్సిన్ పొడి చల్లిన రోజులను పెద్దలు తలచుచుందురు. ఆ బి.హెచ్.సి. జాతి పొడిని మనదేశమున 1997లో నిషేధించిరి; పాత డబ్బాలెవరికడనైన మూలపడియున్నచో తెఱవకుండుట మేలు. కుక్కకు వాడదగిన మందులు వేఱుగ కలవు. వానిని మండల పశువైద్యశాలలో నడిగి, కుక్క బరువునుబట్టి వాడవలయును. గరివిడిలో పశువైద్య కళాశాలయే యున్నది గదా. పిల్లి గల యింటివారు ఆ మాట కూడ వైద్యునికి చెప్పవలయును. కుక్కకు సరిపడు పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకము.

పడకను ఎట్లు అమర్చవలెను? గోగునార పండించి, నెల్లిమర్ల, చిట్టివలసలలో జనపనార మిల్లులను చూచిన ప్రాంతము మనది. గోనెసంచికి కొఱత లేదు. ధాన్యమో చోళ్లో పోసిన సంచి మంచిది. విషము పట్టించిన విత్తనముగాని, ఎరువుగాని పోసిన సంచి ఎంత కడిగినను పనికిరాదు. సంచిలో ఎండిన వరిగడ్డి నింపి, మూతిని కుట్టక త్రాటితో ముడివేయవలయును. కుట్టినచో విప్పు ఓపిక ఎవరికి నుండదు, విప్పనిది శుభ్రపడదు. ఉద్దానమువారు కొబ్బరిపీచు వాడుకొనవచ్చును. పాతబొంత వేయుట మాకు సమ్మతము గాదు; దాని ప్రతి అతుకును పురుగులకు గదియే. నేలమీద నేరుగా వేయక, నాలుగు ఇటుకలపై ఒక పలక పఱచి దానిపై వేసినచో అడుగున గాలియాడును, చీపురు దూఱును.

వారమున కొకమాఱు గడ్డిని దులిపివేసి, సంచిని తిరుగవేసి, నీళ్లకాగులోనుండి మరుగుచున్న నీటిని పోసి మునిగియుండునట్లు నాననిచ్చి, పిండి, మిట్టమధ్యాహ్నపు టెండలో రెండువైపుల ఆరవేయవలయును. ఎండయు, పొడిదనమును మిన్నల్లి పిల్లలకు మృత్యువు. పాతగడ్డిని పశువులకు మేతగా వేయరాదు, సాలలో పఱువరాదు, కాల్చివేయుడు. భోగిమంటకై దాచి యుంచుట మాత్రము వలదు, అంతలో మిన్నల్లులకు ఎన్ని తరములో గడచును. పలక క్రిందనేలను ఊడ్చి, ఆ చెత్తను కూడ నిప్పులో వేయవలయును. కుక్కను కడుగుట, మందు పూయుట, పడక మార్చుట ఒకే దినమున జరుగవలయును. ఒక్కొక్కటి ఒక్కొక్కవారము చేసినచో ఒకచోట చచ్చినవి మఱొకచోటనుండి వచ్చును. వేపాకు వేయువారు వేయవచ్చును, హాని లేదు. అంతమాత్రమున గోనె ఉడికించుట తప్పదు. ఈ పనిని ఇంటి యాడువారి నెత్తిన పెట్టక, కుక్కను కళ్లమునకు వెంటగొనిపోవు మగవాడే చేయుట న్యాయము.

వానకాలము కష్టకాలము. సంచులు రెండు ఉండవలయును. ఒకటి ఆఱుచుండ మఱొకటి వాడుకొనవచ్చును. తడిసి బూజుపట్టిన గడ్డిని ఆ పూటనే తీసివేయుడు. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ వంటి తుపాను వచ్చినప్పుడు సాలలోనికి నీరెక్కును, ఎలుకలు పొడిచోటు వెదకికొని కుక్కపడకలో చేరును. ఎలుకమూత్రము కలిసిన తడివలన కుక్కకును మనిషికిని ప్రమాదకరమగు జ్వరము వచ్చును గనుక, అట్టి పడకను ఒట్టిచేతులతో ముట్టక మొత్తము పాఱవేసి క్రొత్తది వేయుటయే మేలు.

ఈనిన కుక్క పడకను మొదటిదినముననే మార్చి, తరువాత రెండుమూడు దినములకొకసారి గడ్డి మార్చుచుండవలయును. పుష్యమాసపు చలిలో గడ్డి మందముగా నుండవలయును. కొంకిపురుగు తల్లిపాలతో కూడ పిల్లలకు దిగును; మిన్నల్లి తోడైనచో నెత్తురు చాలక పిల్లలు ఒక్కొక్కటిగా రాలిపోవును. రెండువారముల వయస్సునుండియే పురుగుమందు పట్టించు విధమును వైద్యుని అడుగవలయును. వెఱ్ఱికుక్కరోగపు టీకా అందఱకు తెలిసినదే, ఏటేట వేయింపవలసినదే. పడకశుభ్రత దానికి బదులు కాదు.

కళ్లము ఎత్తివేయు నాడు అచ్చటి కుక్కపడకను మడిచి బండిలో వేసికొని యింటికి తెచ్చు అలవాటు కొన్ని గ్రామములలో కలదు. దానిని అచ్చటనే, గడ్డికుప్పలకు దూరముగ, గాలి లేని వేళ కాల్చి, బూడిదపై నీరుచల్లి, ఇంటికడ ఉడికించి ఆరవేసిన సంచిని ముందుగానే సిద్ధముచేసి యుంచవలయును.